వేపగింజల మీద పడిన నింద

"వేప మందు పని చేయదు" అన్న మాటను నా ఉద్యోగకాలంలో నేను విన్నన్ని సార్లు మా ఇంట్లో నా పేరు కూడా విని ఉండను. రైతులు అన్నారు, పురుగుమందుల అంగడివాళ్లు అన్నారు, నా పైఅధికారులు అన్నారు. ఆ మాట పూర్తిగా అబద్ధమైతే నాకు ఇంత విసుగు ఉండేది కాదు. అబద్ధాన్ని ఖండించి ఇంటికి పోవచ్చు. అది సగం నిజం. సగం నిజంతో వాదించడం కంటే పత్తిచేలో మధ్యాహ్నమంతా నిలబడి ఆకులు లెక్కపెట్టడం సులభం. రెండూ చేసినదాన్ని కనుక చెబుతున్నాను.

నేను కీటకశాస్త్రం చదివి వ్యవసాయ శాఖలో చేరాను. మొదట మదురై దగ్గరి వాడిపట్టిలోను, తరువాత కోయంబత్తూరుకు ఉత్తరాన పత్తి వేసే ఊళ్లలోను పని చేశాను. మాది ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు పెళ్లయిన తరువాత మా అత్తగారి దగ్గర దిద్దుకున్నవి. పదోన్నతులు, బదిలీలు ఇక్కడ రాయను. వాటి వల్ల ఏ చేనుకూ ఏమీ కాలేదు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు ఉపయోగపడతాయనుకున్న రెండు తప్పులను మాత్రం రాస్తాను. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెండింటిలోనూ నా వాటా ఉంది.

వేప ఏం చేస్తుంది, ఏం చేయదు

పేనుబంకను మా ప్రాంతంలో తమిళ మాటతో అసువిణి అంటారు. ఆకు అడుగున గుంపుగా చేరి రసం పీలుస్తుంది. ఆకు కిందికి ముడుచుకుంటుంది. పురుగు విసర్జించే తీపి జిగురు కింది ఆకుల మీద పడి, దాని మీద నల్లని మసి పెరుగుతుంది. కాయ పగిలిన సమయంలో ఆ జిగురు దూదికి అంటితే ఆ దూదిని కొనేవాడు మొహం తిప్పుకుంటాడు.

వేపగింజ పప్పు రసం ఈ పురుగును సాయంత్రం కొడితే తెల్లారేసరికి చంపదు. దాని ఆకలిని తగ్గిస్తుంది, కుబుసం విడవడాన్ని చెడగొడుతుంది, పిల్లల సంఖ్యను తగ్గిస్తుంది. ఫలితం కనపడడానికి వారం పడుతుంది. ఆకు అడుగున తగిలేలా కొట్టకపోతే ఆ వారం తరువాత కూడా కనపడదు. ఎండకు దాని శక్తి పోతుంది గనుక పొద్దు వాలిన తరువాతే కొట్టాలి. పేనుబంకను తినే అక్షింతల పురుగులకు అది చాలా మందుల కంటే తక్కువ హాని చేస్తుంది. నా దృష్టిలో దాని అసలు విలువ అదే. కానీ చేనంతా మసిపట్టి నల్లబడిన తరువాత పిలిస్తే వేప కాపాడలేదు. కాపాడుతుందని చెప్పే అధికారి అబద్ధమాడుతున్నాడు.

తయారీ కూడా చెప్పేస్తాను. ఆ ఏడాది గింజల పప్పు ఐదు కిలోలు దంచి, పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పాలలా తెల్లబడేవరకు కలిపి, రెండు మడతల గుడ్డతో వడకట్టి, నీళ్లు పోసి వంద లీటర్లు చేయాలి. రెండువందల గ్రాముల సబ్బును విడిగా కరిగించి అందులో కలపాలి. సబ్బు లేకపోతే రసం ఆకు మీద నిలవదు, సబ్బు ఎక్కువైతే ఆకు అంచు మాడుతుంది.

ఇది నేను ఒక పేజీలో అచ్చు వేయించి పంచాను. ఆ పేజీ సంపూర్ణమని నమ్మడం నా మొదటి తప్పు.

వాడిపట్టిలో ఉడికిన గింజలు

వాడిపట్టిలో ఆండాళమ్మ అనే పెద్దావిడ నా పేజీని మనవరాలితో చదివించుకుని, అన్నీ తూచి, అన్నీ నానబెట్టి, పొద్దున ఆ రసాన్ని పెద్ద అండాలో పోసి పొయ్యి మీద పెట్టి బాగా ఉడికించింది. తరువాత చల్లార్చి కొట్టించింది. పది రోజులకు పేనుబంక అంతకు ముందు కంటే బలంగా ఉంది. వేపలోని అసలు పదార్థం వేడికి చెడిపోతుంది. ఆమె చేనుకు కొట్టింది చేదు నీళ్లు.

"ఎందుకు ఉడకేసినారమ్మా?" అని అడిగాను.

"ఆముదం గింజను ఉడకేయకుండా ఎణ్ణె తీసినావా నువ్వు ఎప్పుడైనా?"

"ఇది ఆముదం కాదు కదా."

"గింజ గింజే. పచ్చి రసం పంటకు పోస్తే పంటకు కడుపునొప్పి రాదా? మీ కాయిదంలో ఉడకేయొద్దని రాసుండాదా?"

రాయలేదు. ఆ ఇళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా ఆముదాన్ని ఉడికించి తీస్తున్నారని నాకు తెలుసు. మా అమ్మ కూడా అలాగే తీసేది. తెలిసి కూడా, ఏం చేయాలో రాశానే గానీ వాళ్లు అలవాటుగా చేసే ఏ పని చేయకూడదో రాయలేదు. తరువాతి అచ్చులో "పొయ్యి మీద పెట్టవద్దు" అని చేర్చి, ఇప్పుడు సంపూర్ణమైందని మళ్లీ నమ్మాను. మనిషికి ఒక తప్పు నుండి ఒక వాక్యం నేర్చుకోవడమే చేతనవుతుందేమో.

కృష్ణవేణి రెండెకరాలు

పెద్ద తప్పు కోయంబత్తూరు వైపు జరిగింది. కృష్ణవేణి భర్త సుందరం తుడియలూరులో పంపులు చేసే వర్క్‌షాపులో లేత్ మీద పని చేస్తాడు. వారానికి ఆరు రోజులు అక్కడే. వాళ్ల వాటాకు వచ్చిన రెండెకరాల పత్తిని దున్నించడం నుండి ఏరించడం వరకు కృష్ణవేణే చూసుకునేది. పక్క చేను సుందరానికి అన్న అయిన రామసామి నాయుడిది. ఆయన మక్కజొన్న వేస్తాడు. తమ్ముడి నేల కూడా కలిపి ఒకే మడిగా మక్కజొన్న వేయాలన్నది ఆయన పాత కోరిక. ఆ ఏడాది దానికి గడువు కూడా పెట్టాడు: పత్తి సరిగా రాకపోతే వచ్చే ఆడి నెలకు, అంటే ఆషాఢానికి, నేల ఆయన సాగులోకి పోతుంది. సుందరం సరేనన్నాడు. అన్నతో వాదించే ఓపిక అతనికి ఆదివారం కూడా మిగిలేది కాదు.

ఈ సంగతంతా కృష్ణవేణి మొదటి రోజే నాకు చెప్పింది. "నేల పోతే నాకు చేతిలో పని లేదు మేడం. వర్క్‌షాపుకు క్యారియర్ కట్టేదానికా నేను ఇన్నేళ్లు సాలు పట్టుకున్నేది?" అంది.

ఆమె చేనులో పేనుబంక అప్పుడే మొదలైంది. వేపకు సరైన సమయం. నేనే దగ్గర ఉండి గింజలు చూశాను; కొత్తవి, బూజు లేదు. సబ్బు ఆమె నా ముందే తూచింది. డ్రమ్ములో కలపడం వరకు చూసి, బస్సుకు వేళవుతోందని బయలుదేరాను. సాయంత్రం ఆమె, ఒక కూలీ మనిషి కలిసి వీపు స్ప్రేయర్‌తో గేటు దగ్గర మొదలుపెట్టి కొట్టారు.

పదో రోజున ఫోను వచ్చింది. "మేడం, అసువిణి తగ్గింది. కానీ ఆకు ఏందో మాదిరి వస్తా ఉండాది. మీరు ఒకసారి రాండి."

నేను పోయేసరికి చేను గట్టు మీద ఊరివాళ్లు పదిమంది ఉన్నారు. రామసామి నాయుడు వాళ్లను పిలిచి ఉంచాడు. గేటు దగ్గరి మొక్కల కొత్త ఆకులు పత్తి ఆకుల్లా లేవు. సన్నగా, వేళ్లలా చీలి, ఈనెలు ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా చేరి ఉన్నాయి.

"చూడండి ఆఫీసరమ్మా," అన్నాడు రామసామి నాయుడు, "మా పత్తికి మీరు బెండాకు తెప్పించినారు. కాయ కూడా బెండకాయే కాస్తుందా? ఇప్పుడే చెబితే ఒట్టన్‌చత్రం కూరగాయల సందైకి లారీ మాట్లాడి పెడతాను."

పదిమందీ నవ్వారు. కృష్ణవేణి నవ్వలేదు, నా మొహమే చూస్తోంది.

ఆ క్షణంలో "నాకు తెలియదు, చూసి చెబుతాను" అని ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో ఆగేది. సబ్బు ఎక్కువైతే ఆకు అంచు మాడుతుందే గానీ ఆకు ఆకారం మారదని నాకు తెలుసు. నేనే అచ్చు వేయించిన వాక్యం అది. అయినా పదిమంది ఎదుట మౌనంగా నిలబడడం నా చదువుకు తక్కువనిపించింది. "సబ్బు ఎక్కువ పడి ఉంటుంది" అన్నాను.

"నేను మీ ముందరే తూస్తిని కదా!" అంది కృష్ణవేణి.

"తరువాత మళ్లీ ఏమైనా కలిపావేమో."

"చూస్తివా అమ్మిణీ," అన్నాడు రామసామి నాయుడు మరదలితో చాలా మెత్తగా, "ఆఫీసరమ్మే చెప్పేసింది. వేపా మంచిదే, సబ్బూ మంచిదే. చెయ్యి మంచిది కావాల."

నేను గేటు దగ్గరే నిలబడి చూసి, గేటు దగ్గరి నుండే బస్సుకు పోయాను.

ఎండదెబ్బ

వారంలో రామసామి నాయుడి పిటిషన్ మా కార్యాలయానికి వచ్చింది: శాఖవారు చెప్పిన వేప మందు పత్తిని పాడు చేసింది, విచారించాలి. మా పైఅధికారి దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నన్ను పిలిచారు.

"ఎండదెబ్బ అని రాసెయ్యమ్మా. ఎవరికీ నొప్పి ఉండదు. ఆ ఊళ్లో ఇంక వేప మాట ఎత్తొద్దు."

"సార్, ఎండకు ఆకు ఎండుతుంది. వేళ్లు మొలవవు."

"రిపోర్టులో వేళ్లు లెక్కపెట్టేవాళ్లు ఎవరమ్మా?"

ఆయన చెడ్డవారు కారు. ఏ కాగితమైనా తన బల్ల మీద నుండి ఇంకొక బల్ల మీదికి పోతే పని పూర్తయిందనుకునే మనిషి. అటువంటి అధికారులు మీకూ దొరుకుతారు. వాళ్లతో పోట్లాడి నేను గెలిచింది లేదు. నేను చేసిందల్లా ఒకటే: విచారణకు ఇంకో రోజు పోతానని చెప్పి, రిపోర్టులో కారణం రాసే గడిని ఖాళీగానే ఉంచాను. ఆయన నిట్టూర్చి ఫైలు మూశారు.

సాళ్లు నడవడం

రెండోసారి గేటు దగ్గర ఆగలేదు. చేనులోకి నడిచాను. గేటు పక్క సాళ్లలో ప్రతి మొక్కా చెడింది. కొంత దూరం పోయాక చెడిన ఆకులు తక్కువ. ఇంకొంత దూరం పోయాక వెతికితేగానీ కనపడలేదు. అవతలి చివర, మోటారు గది దగ్గర, పత్తి పచ్చగా, వెడల్పుగా, పేనుబంక లేకుండా నిలబడి ఉంది. ఏ పుస్తకంలోనైనా అచ్చు వేయదగిన పత్తి.

రసం మొత్తం ఒకే డ్రమ్ములో కలిపింది. తప్పు డ్రమ్ములో ఉంటే, అది సబ్బు కానివ్వండి, వేప కానివ్వండి, చేనంతా ఒకేలా చెడాలి. ఇక్కడ మొదటి ట్యాంకు కొట్టిన చోట ఎక్కువ, రెండో ట్యాంకుకు తక్కువ, తరువాత ఇంకా తక్కువ. తప్పు స్ప్రేయర్ ట్యాంకులో ముందే ఉంది. ప్రతిసారీ నింపేకొద్దీ పలచబడింది. ఆ వేళ్ల ఆకారం ఏ మందుదో కూడా అప్పుడు తట్టింది. మొదటి రోజు ఆ చివరిదాకా నడిచి ఉంటే మొదటి రోజే తట్టేది.

ఇంటికి పోయాం. నాకు కాఫీ ఇచ్చి, కృష్ణవేణి పక్కింటివాళ్ల స్టీలు గిన్నె కడిగి, తుడిచి, అందులో గుప్పెడు వేరుశనగలు వేసి మూత పెట్టింది. ఒట్టి గిన్నె తిరిగి ఇవ్వకూడదు. మా ఇళ్లలో ఎవరూ ఇవ్వరు, నేనూ ఇవ్వను. ఆ గిన్నెను చూస్తూ అడిగాను:

"ఆ స్ప్రేయర్ ఎవరిది?"

"మామగారు కొన్నేది. బావగారు, మేమూ ఇద్దరమూ వాడుకుంటాం. ముందు రోజు బావగారే తెచ్చి ఇచ్చినారు."

"ఇచ్చినప్పుడు లోపల ఏమైనా ఉండిందా?"

"ఉండింది. అడుగున కొంచెం నీళ్లు. రెండు లీటర్లుంటాయేమో. ఒట్టిది ఇవ్వకూడదని నీళ్లు పోసి ఇచ్చినారనుకొంటిని. దాని మీదనే మన రసం పోస్తిమి."

"వాసన రాలేదా?"

"ఆ వేప కంపులో ఇంకే వాసన తెలుస్తుంది మేడం? నా చెయ్యి వాసనే నాకు తెలియలే."

రామసామి నాయుడు తన మోటారు దగ్గర ఉన్నాడు. మర్యాదగానే అడిగాను. ఆయన కూడా మర్యాదగానే, దాచకుండా చెప్పాడు. అంతకు ముందు మక్కజొన్నకు కలుపుమందు కొట్టాడు. కొంచెం మిగిలింది.

"పారబోసేదానికి మనసు రాలే. అమ్మిణి గట్టు మీద కలుపు ఉండాది కదా, దానికి పనికొస్తుందని అట్లే పెడితిని. ఇంటి వస్తువును ఒట్టిది ఇస్తామా?"

"ఆమెకు చెప్పారా?"

"లోపల ఉంటే కనపడదా ఏమి?"

"అది పత్తికి విషమండీ. ఆ మందు గాలికి పక్క చేను మీద పడినా పత్తి చెడుతుంది."

"మక్కాను ఏమీ చేయలేదు. పత్తిని ఏం చేస్తుంది?"

గడ్డి జాతిని వదిలి వెడల్పాకు మొక్కలను పట్టే మందు అదని చెప్పాను. అంతా విని, ఆయన తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"అప్పుడు వేప కాదు, సబ్బు కాదు, అమ్మిణి కాదు. నేను. అంతే కదా మీరు చెప్పేది? మొదటి తూరి సబ్బంటిరి. ఈ తూరి నేనంటారు. ఇంకో తూరి వస్తే ఎవరి పేరు చెబుతారు?"

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు, ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. ఒకసారి తెలియక చెప్పినదాని మాట రెండోసారి ఎందుకు నమ్మాలి?

మూడు ట్రేలు

"నన్ను నమ్మొద్దు. మీరే చేసి చూడండి," అన్నాను. టమాటా నారు ఆ మందుకు పత్తిలాగే తొందరగా లొంగుతుంది, ఇంకా త్వరగా కనపడుతుంది. నారు నేను తెస్తానన్నాను.

"మీ నారు వద్దు. మీ ఆఫీసు తక్కాళి నారు మీరు చెప్పినట్ల వింటుంది."

ఆయన నారే, ఆయన బోరు నీళ్లే, ఆయన చెయ్యే. మూడు ట్రేలు పెట్టించాను. మొదటిదానికి ఒట్టి నీళ్లు. రెండోదానికి కృష్ణవేణి ఆ రోజులాగే తూచి కలిపిన వేప రసం, అదే సబ్బు. మూడోదానికి ఆ స్ప్రేయర్ ట్యాంకును, గొట్టాన్ని మంచినీళ్లతో కడిగిన కడుగు మాత్రమే; ఆ మందు గొట్టం రబ్బరును అంత సులభంగా వదలదు, టమాటాకు దాని చాయ చాలు. ట్రేల మీద సుద్దతో గుర్తులు ఆయనే పెట్టుకున్నాడు. వాటిని తన ఇంటి వసారాలోనే ఉంచుకుంటానన్నాడు. ఉంచుకోమన్నాను.

మరునాడు నేను పోయేసరికి మళ్లీ ఆ పదిమందీ ఉన్నారు. ఈసారి వాళ్లను పిలిపించింది కృష్ణవేణి. రామసామి నాయుడు వసారాలో ట్రేల ముందు పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. మొదటి రెండింటిలో నారు నిటారుగా ఉంది. మూడోదానిలో ప్రతి మొక్కా మెడ తిప్పి, కాండం మెలివేసుకుని, నేలవైపు వంగి ఉంది.

ఆయన తల ఎత్తకుండానే అన్నాడు: "పొద్దున నీళ్లు కూడా పోస్తిని. లేవలే."

ఎవరూ నవ్వలేదు. ఆయన కృష్ణవేణి వైపు తిరిగాడు.

"మంచిదని పెడితిని అమ్మిణీ."

"తెలుసు బావగారూ."

"నేల నువ్వే చూసుకో. నేను మళ్లీ అడగను. తమ్ముడితో నేనే చెబుతాను." తరువాత నాతో, "ఆ పిటిషన్‌ను వెనక్కు తీసుకునేదానికి ఇంకో పిటిషన్ రాయాలా?" అన్నాడు. రాయాలన్నాను. "మంచి ఆఫీసే మీది," అని లేచి లోపలికి పోయాడు.

కలుపుమందులకు వేరే స్ప్రేయర్ ఉండాలని, ఉన్నదాన్ని అరువు తెచ్చుకున్నప్పుడు మూత తెరిచి వంపి కడగాలని ఇప్పుడు మీరందరూ చదువుకునే వస్తారు. నా పేజీ మూడో అచ్చులో నేనూ చేర్చాను. కానీ మీరు పోయే ఊళ్లో మనుషులు ఒకరికొకరు ఏ పద్ధతిలో వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటారో మీ పాఠాల్లో ఉండదు. రామసామి నాయుడు కుట్ర చేసి ఉంటే నేను ముందే అనుమానించేదాన్ని. ఆయన మర్యాద చేశాడు. ఆమె ఆ మర్యాదను మర్యాదగానే అర్థం చేసుకుంది. మా ఇళ్ల మర్యాదను పుట్టినప్పటి నుండి ఎరిగిన నేను తప్పును సబ్బు మీద నెట్టేశాను.

మా పైఅధికారికి విచారణ నివేదికను నాలుగు పేజీలు రాసి ఇచ్చాను. మొదటి వాక్యంలో నా మొదటి నిర్ధారణ తప్పని రాశాను. ఆయన ఆ వాక్యం కొట్టేయమన్నారు, శాఖకు బాగుండదన్నారు. కొట్టేయలేదు. ఆ ఊళ్లో శాఖ నడిపే వేప మందు పథకాన్ని మాత్రం ఆయన ఆపేశారు. పిటిషన్ వచ్చిన ఊరు గనుక. పిటిషన్ తప్పని తేలిన ఊరు కూడా అదేనని చెబితే, "అది వేరే ఫైలు" అన్నారు.

పథకం లేకపోయినా కృష్ణవేణి ఆపలేదు. నెల తరువాత, శాఖ పని మీద కాకుండా, ఆమె చేను చూడడానికి పోయాను. గేటు పక్క సాళ్లకు ఆ ఏడాది కాయ దాదాపు లేదు. మిగతా చేను బాగా కాసింది. ఆమె సాయంత్రం వేప రసం కొట్టడానికి ట్యాంకు నింపుతోంది. వసారాలో ఆ రోజే చెప్పి ఉండవలసిన మాటను అప్పుడు చెప్పాను: సబ్బు ఆమె సరిగానే తూచింది, పదిమంది ఎదుట ఆమె మీద వేసిన మాట నాది, అది తప్పు.

ఆమె ట్యాంకు మూత బిగించి, పట్టీలు భుజాలకు వేసుకుంది.

"ఆ రోజు ఆ మోటారు గది దాకా నడిచుంటే తెలిసేది కదా మేడం?"

"తెలిసేది," అన్నాను.

ఆమె చేనుకు ఆ చివర నుండి ఈ చివరకు ఒకసారి చూసింది.

"అంత దూరం కూడా లేదే," అంది, సాలులోకి దిగింది.